పొద్దుగూకని హోటల్

"చచ్చిపోయినోళ్ల లెక్కల నా పెనిమిటి పేరు కలిపిన ఇంట్ల నేను మెతుకు ముట్ట. తీస్కపో పిల్లా!"

బాలమణి కంచాన్ని గుమ్మం దాకా నెట్టేసింది. పప్పు ఒలికి నేల మీద పారింది. సుమిత్ర కిక్కురుమనకుండా గుడ్డ తెచ్చి తుడిచింది. పెత్రమాస నాటి నుంచి ఆమె బతుకంతా ఇదే అయిపోయింది. వండాలి, అత్త ముందు పెట్టాలి, ఒలికింది తుడవాలి.

"జెర చారన్న తాగుండ్రి అత్తమ్మా. ఉత్త చాయ్ మీద ఎన్నొద్దులుంటరు? కండ్లు తిరిగి పడితే ఎవరు లేపాలె?"

"నన్నెందుకు లేపాలె? నా పేరు సుత అయ్యగారికి చెప్పి రమ్మను నీ మొగణ్ణి. ఇంకో సేరు బియ్యం పోతయ్, గంతే గదా!"

లోపలి గదిలో మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న నర్సింహ చేతులు ఆగిపోయాయి. కాజీపల్లి కంపెనీ బస్సు వచ్చే వేళయింది.

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె? తాత పేరు, ముత్తాత పేరు చెప్పుకుంట పోతుంటే నోరు జారింది. నోటి తప్పు."

"కన్నతండ్రిని చంపేటంత జారుతదారా నోరు?"

వీధి చివర బస్సు హారన్ మోగింది. నర్సింహ ఒక బూటు దారం ముడి వెయ్యకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాగయ్య ఇల్లు వదిలి మూడేళ్లు దాటింది. చెలక భూమి అమ్మేశారని కొడుకు మీద అలిగి, ఓ పొద్దున పెళ్లినాటి ఇత్తడి చెంబు చేత పట్టుకుని బయటికి పోయినవాడు మళ్లీ రాలేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో సదాశివపేట బస్సెక్కుతుండగా కళ్లారా చూశానని నర్సింహ చెప్పాడు. ఆ తరవాత ఆ మనిషిని బతికి ఉండగా చూసినవాళ్లు లేరు, శవాన్ని చూసినవాళ్లూ లేరు. అందుకే బాలమణి మెట్టెలు తీయలేదు. పూట పూటా ఆయనకో కంచం వడ్డిస్తుంది. అంచుల దాకా అన్నాన్ని పలచగా పరుస్తుంది, ఎందుకంటే ఆయన ఏది తిన్నా అంచు నుంచి మొదలుపెట్టి నడుమకు వస్తాడు. అందరూ తిన్నాక ఆ కంచం తనే తింటుంది. పోయినవాళ్ల వంతైతే బయట కాకులకు పెట్టాలి, ఊరికి వెళ్లినవాళ్ల వంతు ఇంట్లో మనుషులు తినాలి. ఈ ముక్క దగ్గర ఆమెతో వాదించి గెలిచిన మొనగాడు ఇస్నాపూర్‌లో లేడు.

పెత్రమాస అంటే పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. కిందటేడు దాకా ఆ పేర్లలో నాగయ్య పేరు లేదు. ఈ ఏడు నర్సింహ నోట వచ్చింది. పక్కనే కూర్చున్న తల్లి చెవిన పడింది. ఇక చూస్కో!

అత్త కోపం సుమిత్రకు అర్థమయ్యేదే. అర్థం కానిది మొగుడే. నోరు జారిందా, లోపల దాచిందేదో బయట పడిందా? అబద్ధం ఆడేటప్పుడు నర్సింహ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి తమ్మె మీదికి పోతుంది. పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టిందామె, నవ్వుకుంది కూడా. మూడేళ్ల కింద బస్సు సంగతి చెప్పినప్పుడు ఆ చెయ్యి ఎక్కడుంది? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. భయం ఆమెకు అక్కడ పట్టుకుంది.

* * *

బడి నుంచి వచ్చిన నిషిత నానమ్మ ఒళ్లో తల పెట్టి పడుకుంది. నాలుగో తరగతి పిల్ల. ఆ ఇంట్లో బాలమణి మెత్తగా మాట్లాడేది ఆ ఒక్కదానితోనే.

"నానమ్మా, తాత మల్ల కలలకొచ్చిండా?"

"వచ్చిండు బిడ్డా. ఆకలైతుందన్నడు. యాడున్నవయ్యా అంటే చెయ్యి చూపిచ్చిండు. పైన ఆకాశముంది గని పొద్దు గూకదు. రాత్రి కాదు, పగలు కాదు. పక్కపొంటి నీళ్లు, నీళ్లల్ల దీపాలు. ముంగట ఓ గిన్నె. గిన్నెల ఏందో తెల్లగ, మెత్తగ ఉన్నది. దాని మీద మట్టి సల్లినట్టున్నది."

నిషిత చటుక్కున లేచి కూర్చుంది. "అది టిరమిసు నానమ్మా! మట్టి కాదు, కోకో పౌడర్. ఇటలీ హోటల్ల ఇచ్చే స్వీటు. ఆడ పైన ఉత్తుత్తి ఆకాశం పెట్టిర్రు. ఎప్పుడు పోయినా సాయంత్రమే ఉంటది."

పొయ్యి దగ్గర సుమిత్ర చేతిలో గరిటె ఆగింది.

"నిషితా, ఇట్లరా. నానమ్మకు చెప్పినవా పిక్నిక్ సంగతి?"

"లేదు మమ్మీ. నువ్వే వద్దంటివి. నీ మీదొట్టు."

చెప్పొద్దని పిల్ల నోరు కట్టేసింది నిజంగా సుమిత్రే. ఎందుకంటే ఆ హోటలున్నది హైవే పక్కన లేచిన కొత్త థీమ్ పార్కులో. ఆ పార్కున్నది వాళ్లు అమ్మిన చెలకలో. అమ్మాక ట్రాక్టరుతో దాన్ని సాఫు చేసింది కూడా నర్సింహే. ఆ పేరు ఎత్తితే చాలు, బాలమణి రెండు చెవులూ మూసుకునేది. బడి పిల్లల్ని అక్కడికి తీసుకుపోతే జూపార్కని ఆమెకు అబద్ధం చెప్పారు. మరి చూడని చోటు, వినని చోటు, ఆ ముసలమ్మ కలలోకి ఎట్లా వచ్చింది?

సుమిత్ర పొయ్యి మంట తగ్గించి వాళ్ల దగ్గరికి వచ్చింది.

"గక్కడికి తీస్కపో నన్ను," అంది బాలమణి. "ఆయన ముంగట కూసోని తింట."

* * *

"ఆ జాగల మనకేం పని?" అన్నాడు నర్సింహ. డ్యూటీ దిగి వచ్చి ఇంకా చొక్కా కూడా విప్పలేదు.

"ఆమె తింటనన్నది. తింటనన్నది! నీకు చెవులకెక్కుతుందా?"

"డాక్టర్‌కు చూపిద్దాం. గ్లూకోజ్ ఎక్కిస్తరు. కలల ఎంబడి పడి తిరుగుతమా?"

"అందరు పోతున్నరు ఆ పార్కుకు. నువ్వొక్కనివే దాని ముంగట నుంచి బస్సు పోతుంటే ఇటుపక్కకు తిరిగి కూసుంటవంట. నిషిత చూసి చెప్పింది. ఏమున్నదయ్యా ఆడ?"

"ఏముంటది? ఏం లేదు."

అతని చెయ్యి ఎడమ చెవి తమ్మె పట్టుకుంది. సుమిత్ర దాన్ని చూసింది. తను చూస్తున్నదని అతడూ చూశాడు. చెయ్యి దించేశాడు.

"ఆదివారం పోదాం," అన్నాడు గోడకేసి తిరిగి.

* * *

మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. గేటు దగ్గర సిమెంటు గుర్రాలు, చెవులు పగిలే పాటలు, ఐస్‌క్రీం కోసం ఏడ్చే పిల్లలు. బాలమణి అవేవీ పట్టించుకోకుండా కోడలి భుజం పట్టుకుని నడిచింది. పుట్టెడు జొన్నలు పండిన చోట రాట్నాలు తిరుగుతుంటే ఆమె ముఖంలో కోపం కూడా లేదు. తెలిసిన ఇంటికి పోతున్నట్టే ఉంది.

హోటల్ తలుపు తెరుచుకోగానే ఎండ బయటే ఆగిపోయింది. లోపల సాయంత్రం! పైకప్పు నిండా నీలం, దాని అంచుల్లో నారింజ రంగు, ఎక్కడో దాచిపెట్టిన దీపాల వెలుగు. నడుమన సన్నటి కాలువ, అందులో నల్లటి పడవ, గోడల వెంట ఉత్తుత్తి కిటికీలు, కిటికీల్లో ఉత్తుత్తి పూలు. నీళ్లలో దీపాలు వణుకుతున్నాయి.

"గిదే," అంది బాలమణి. గొంతులో తడి లేదు, తడబాటు లేదు. సుమిత్ర మాత్రం పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చారల చొక్కా, ఎర్ర రుమాలు వేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. చొక్కా మీద ఫరహత్ అని పేరుంది. "వెల్‌కమ్ టు ఇటలీ!" అని నేర్పిన పాఠం ఒప్పజెప్పి, ముసలమ్మను చూడగానే సొంత గొంతులోకి వచ్చేసింది. "రాండ్రి నానీ, జెర మెల్లగ, మెట్టుంది. అయిదుగురా?"

"నలుగురం," అన్నాడు నర్సింహ గబుక్కున.

కాలువ గట్టునే బల్ల. నలుగురూ కూర్చున్నారు. ఫరహత్ ప్లేట్లు పేర్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది బాలమణి పక్కన ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"అమ్మా, నలుగురమని చెప్పినం గదా," అంది సుమిత్ర.

"అరె, మాఫ్ కర్నా అక్కా. మీ ఎనకాల తెల్లరుమాలు చుట్టుకున్న పెద్దాయన వచ్చిండు గదా, చెయ్యి కడుక్కోనికి పోయిండేమో అనుకున్న. మీతోటి కాదా?"

నాగయ్య ఎండైనా వానైనా తలకు తెల్లరుమాలు లేకుండా గడప దాటేవాడు కాదు. కానీ ఆ వయసు రైతులంతా కట్టేది అదే గదా, అని సుమిత్ర తనకు తాను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకుంటే మాత్రం కాళ్ల చలి తగ్గుతుందా? బల్ల కింద నుంచి తడిమట్టి వాసనతో చల్లగాలి తగులుతోంది.

"ప్లేటు ఉండనియ్యి బిడ్డా," అంది బాలమణి. "మాతోటే."

పాస్తా వచ్చింది, పిజ్జా వచ్చింది. మామూలు రోజైతే బాలమణి ఆ పిజ్జాను చూసి ఊరంతా వినేట్టు తిట్టేది. "రొట్టె మీద గీ బంకేందే?" అని ఒక్క మాట అని ఊరుకుంది. అయిదో ప్లేటులో ముందుగా వడ్డించింది. పాస్తాను అంచుల దాకా పలచగా పరిచింది. తరవాత తన ప్లేటులో కాస్త పెట్టుకుంది గానీ ముట్టలేదు. గ్లాసెత్తి ఓ గుక్క తాగింది. నీళ్లు నోట్లోనే ఆపి, నెమ్మదిగా మింగింది.

"మన చెలకల బాయి నీళ్లు."

"ఫిల్టర్ నీళ్లమ్మా," అన్నాడు నర్సింహ.

"కంపెనీల మందునీళ్లు కలిసినంక మన బాయికి గీ రుచి వచ్చింది. ముందు తుప్పు, ఎనక తీపి. ముప్పై ఏండ్లు తాగినరా నేను. నాకు చెప్తున్నవా?"

సుమిత్ర కూడా తాగి చూసింది. ఆమెకు మామూలు నీళ్లలాగే ఉన్నాయి. గ్లాసు దించాక మాత్రం నాలుక చివర సన్నటి తీపి మిగిలింది. భ్రమ అనుకుంది. భర్త కేసి చూసింది. అతడు గ్లాసు ముట్టనే లేదు.

"ఈ హోటల్ కట్టిన జాగల ఏముండె గప్పుడు?" అని అడిగింది మెల్లగా.

"ఏమో. అంత సాఫ్ చేసినంక ఎట్ల తెలుస్తది?"

చెయ్యి చెవి మీదికి పోయింది.

ఫరహత్ టిరమిసు తెచ్చింది. చిన్న గాజు గిన్నెలు, అయిదు. అయిదో ప్లేటు వడ్డించి ఉంది కాబట్టి అయిదు తెచ్చానంది. తెల్లటి మీగడ, పైన గోధుమరంగు పొడి. నిషిత ఎగిరి గంతేసి చెంచా అందుకుంది. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, రెండో చెంచా మధ్యలో ఆపేసింది.

"మమ్మీ, తాత గిన్నె చూడు."

ఖాళీ కుర్చీ ముందున్న గిన్నెలో, గాజు అంచు వెంట, మీగడ చెంచాతో గీరినట్టు గుంట పడి ఉంది. నడుమ పొడి చెదరలేదు.

"నువ్వు తిన్నవా?"

"నాది నాకే ఉంది గద మమ్మీ!"

"కిచెన్ల తగిలుంటది," అన్నాడు నర్సింహ. అతని నుదుటి మీద చెమట పట్టింది. ఆ చలిలో! "తిన్నది చాలు, లేవుండ్రి. అమ్మా, లే."

"ఆకలైతుందన్నడు గదా," అంది బాలమణి తనలో తనే, ఎంతో ప్రేమగా. "తిననియ్యి."

సుమిత్ర లేచిపోదామని పిల్లను దగ్గరికి లాక్కుంది. నిషిత చూపు గోడ మీద ఉంది. పాత పల్లెటూరు సోకు కోసం ఆ గోడకు ఏవేవో వేలాడదీశారు. తుప్పుపట్టిన లాంతరు, చెక్క గిరక, ఇత్తడి చెంబు.

"మమ్మీ, ఇటలీ చెంబు మీద తెలుగుల రాసి ఉంది." పిల్ల మెడ వంచి కూడబలుక్కుంది. "నా... గ... య్య. ఇంకోటి... బా... లమణి."

బాలమణి లేచి నిలబడింది. వారం రోజులుగా తిండిలేని మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గోడ దగ్గరికి నడిచింది. ఆమెకు చదువు రాదు. ఫరహత్ దించి ఇచ్చిన చెంబును గుండెకు ఆనించుకుని, ఆ అక్షరాల మీద బొటనవేలు రాసింది. పెళ్లికి పెట్టిన సామాన్ల మీద పేర్లు చెక్కించడం వాళ్ల ఇళ్లలో ఉన్నదే. ఏళ్ల తరబడి చింతపండుతో తోమిన చెంబు, వేలికి తెలియకపోతే కదా!

"గిది యాడిది బిడ్డా?"

"అది పాతదే నానీ. మా అబ్బాజాన్ ఫజలుద్దీన్ ఈ జాగకు వాచ్‌మెన్ ఉండె. బాయి పూడ్చిన నాడు బాయిగడ్డ మీద దొరికిందంట. మట్టి పోసిన ట్రాక్టరాయన అబ్బా చేతుల పెట్టి, ఎవరన్న అడిగితే ఇయ్యుండ్రి అన్నడంట. మస్తు ఏడ్చిండంట పాపం. ఎవరు రాలే. ఇగ గోడకు పెట్టిర్రు."

"బాయి యాడుండె?"

"ఈ కాలువనే నానీ. మీరు కూసున్నరు సూడు, గా బల్ల కిందికి ఉండెనంట."

ఆ అమ్మాయికి నర్సింహ ఎవరో తెలియదు. సుమిత్రకు తెలుసు. ఆ మట్టి పని చేసిన ట్రాక్టరు ఒక్కటే. దాన్ని నడిపినవాడు ఒక్కడే. చెలక సాఫ్ చేశామన్నాడు గానీ బావి తానే పూడ్చానని ఇంట్లో ఏనాడూ అనలేదు. సుమిత్ర కుర్చీ అంచు పట్టుకుంది. కింద నేల ఉన్నదా అని పాదాలతో తడుముకుంది.

బాలమణి చెంబు పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఫరహత్ ఏదో తప్పు మాట్లాడానేమోనని బెదిరి దూరం జరిగింది.

"నర్సిమ్మా. మీ నాయిన బస్సెక్కంగ సూసినన్నవ్. చెంబు బాయిగడ్డ మీద ఉంటే, ఆయన చౌరస్తాల బస్సెట్ల ఎక్కిండ్రా?"

పడవ వాళ్ల పక్క నుంచి వెళ్లింది. అందులో కూర్చున్నవాళ్లు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటూ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా నర్సింహ తల వంచుకునే ఉన్నాడు.

"సప్పుడు జెయ్యవేందిరా?"

"ఆ పొద్దు నాయినను నేను చూడలే అమ్మా." అతని రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. చెవి దగ్గరికి పోలేదు. "చీకటితోనే మట్టి కొట్టుడు షురూ చేసిన. ట్రిప్పు మీద ట్రిప్పు. రివర్స్ వచ్చుడు, పోసుడు, పోవుడు. ఎనకకు సూడలే. తెల్లారినంక గడ్డ మీద చెంబు కనవడ్డది. పక్కన చెప్పులు కనవడ్డయ్. అప్పటికే... అప్పటికే సగం బాయి నిండింది."

నిషిత తల్లి కొంగులో ముఖం దాచుకుంది. సుమిత్రకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లూ తాను ఏ చేతుల పక్కన పడుకున్నదో ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. జాలి పడాలో, భయపడాలో ఆమెకు తెలియలేదు.

బాలమణి కూడా ఏడవలేదు. అయిదో ప్లేటును, దాని పక్కనున్న గాజు గిన్నెను రెండు చేతులా ఎత్తింది. ఎప్పటిలాగే ఆ వంతు తానే తింటుందని సుమిత్ర అనుకుంది. తినలేదు. ఒంగి, రెంటినీ కాలువ గట్టు మీద, నీళ్ల అంచున పెట్టింది. పోయినవాళ్ల వంతు బయట పెట్టినట్టు పెట్టింది.

తరవాత తన ప్లేటు ముందుకు లాక్కుంది. చల్లారిపోయిన పాస్తాను చేత్తో కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. ఇంకో ముద్ద తీసుకుంది. ఆయన ముందు కూర్చుని తింటానంది కదా, తింటోంది. వారం రోజులుగా ఈ ఒక్క ముద్ద కోసమే సుమిత్ర కాళ్లావేళ్లా పడింది. ఇప్పుడు ఆ తినడం చూడలేక కళ్లు దించుకుంది.

పైన ఆకాశంలో సాయంత్రం అలాగే ఉంది.

బాలమణి ప్లేటు ఖాళీ చేసి, మన బాయి నీళ్లన్న నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. కొడుకు వంక చూసింది. గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగింది.

"సగం నిండినంక సూసినవ్. మంచిగుంది. మరి మిగిలిన సగం ఎందుకు నింపినవ్ రా?"

గట్టు మీద చెంచా గాజు గిన్నెకు తగిలిన చప్పుడైంది. నర్సింహ తల్లి కేసి చూడలేదు. ఆ గట్టు కేసి చూస్తూ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.